గెడ్డలు, మదుములు, మడలు: విశాఖ వరదల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

కాలనీ సంఘాల సమావేశాల్లో, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో, గెడ్డ (కొండ మీంచి ఊళ్లోకి దిగే వాగు) ఒడ్డున టీ బడ్డీల దగ్గర మళ్లీ మళ్లీ వినపడే ప్రశ్నలివి. కొన్నిటికి ఒక్క ముక్కలో జవాబుంది. కొన్నిటికి కొంచెం ఓపిగ్గా కూర్చోవాలి.

ఒకపక్క కొండ, ఒకపక్క సముద్రం. వాన నీళ్లు జర్రున జారిపోవాలి కదండీ. మన ఊరు మునగడమేంటి?

జర్రున జారడమే అసలు చిక్కు. గోదావరికి వరదొస్తే భద్రాచలంలో నీటిమట్టం చూసుకుని ధవళేశ్వరం వాళ్లు సర్దుకోవడానికి కొన్ని గంటలైనా దొరుకుతాయి. మన గెడ్డలకు ఆ వ్యవధి లేదు. సింహాచలం కొండలు, కంబాలకొండ, కైలాసగిరి అన్నీ ఊరిని ఆనుకునే ఉన్నాయి. కొండ పాదం నుంచి సముద్రానికో హార్బరుకో మహా అయితే కొన్ని కిలోమీటర్లు. పైన కురిసిన వాన కింది మదుం (రోడ్డు కింది కల్వర్టు) దగ్గరికి చేరడానికి గంట కూడా పట్టదు.

కింద ఏముందో చూడండి. హనుమంతవాక, ఎం.వి.పి. కాలనీ వైపు నీళ్లు తూర్పుకు, నేరుగా సముద్రంలోకి పోతాయి. వేసవిలో అలలు అక్కడ ఇసుక మేట వేసి గెడ్డ నోరు పూడ్చేస్తాయి. పడమటి వైపు కథ వేరు. మేఘాద్రిగెడ్డ, నరవ గెడ్డ, ఊరి మధ్యలోని ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ చివరికి హార్బరు నీళ్లలో కలుస్తాయి. 1933లో ఆ హార్బరు తెరవకముందు అక్కడున్నది పెద్ద ఉప్పునీటి చిత్తడి. పోటొస్తే సముద్రానికీ, వానొస్తే కొండ నీళ్లకూ అదే చోటు. ఇప్పుడు ఆ చిత్తడిలో చాలా భాగం బెర్తులు, యార్డులు, ఫ్యాక్టరీలు, విమానాశ్రయం. నీళ్లు మాత్రం పాత చోటు వెతుక్కుంటూ అక్కడికే వస్తున్నాయి.

పౌర్ణమికీ అమావాస్యకూ విశాఖలో పోటుకీ పాటుకీ తేడా సుమారు ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది. సరిగ్గా పోటు వేళకే కొండ నీళ్లు దిగాయంటే గెడ్డ నోరు మూసినట్టే. నీళ్లు వెనక్కి తన్ని జ్ఞానాపురం, చావులమదుం లాంటి పల్లాల్లో నిలబడతాయి. "వాన ఆగి రెండు గంటలైనా నీళ్లు దిగట్లేదేంటి" అని అడిగేవాళ్లు ఆ రోజు పోటు వేళలు ఒకసారి చూసుకోవాలి.

ఎంత వాన పడితే మునుగుతాం?

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ, 204.5 చేరితే అత్యంత భారీ. కానీ మన గెడ్డలకు రోజు మొత్తం లెక్క కన్నా గంట లెక్క ముఖ్యం. నూరు మిల్లీమీటర్లు రోజంతా ముసురుపట్టి కురిస్తే నేల చాలావరకు తాగుతుంది. అదే వాన రెండు గంటల్లో కుమ్మరిస్తే వీధి గెడ్డవుతుంది.

ఈ సంఖ్య ఒక్కటి మనసులో పెట్టుకుంటే తర్వాతి జవాబులు తేలిగ్గా అర్థమవుతాయి: నూరు మిల్లీమీటర్ల వాన ఒక ఎకరం మీద పడితే సుమారు 4 లక్షల లీటర్లు. ఆ ఎకరం తుప్పలూ మట్టీ అయితే అందులో కొంత ఇంకుతుంది. స్లాబులూ సిమెంటు రోడ్లూ అయితే దాదాపు మొత్తం మీ వీధి చివరికే వస్తుంది.

తుపాను ఎక్కడో తీరం దాటితే మనకు భయమెందుకు?

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మనకు వంద కిలోమీటర్ల దూరం. ఆ రాత్రి విశాఖలో 20 సెంటీమీటర్లు దాటి వాన పడింది. తుపాను కన్ను ఎక్కడ దాటుతుందన్నది గాలికి సంబంధించిన ప్రశ్న. వాన మబ్బులు దానికి చుట్టుపక్కల చాలా దూరం వరకు ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా మన నెత్తినే దాటింది కనుక, దాని తర్వాత వచ్చిన ప్రతి తుపానునీ గాలితోనే కొలిచే అలవాటు మనకు పట్టుకుంది. నీళ్ల నష్టం ఎక్కువగా పేరు లేని వాయుగుండాల వల్లే వస్తుంటుంది.

గెడ్డకు రెండువైపులా ఎత్తుగా కాంక్రీటు గోడ కట్టేస్తే పీడ విరగడవుతుంది కదా?

మీ వీధికి విరగడవుతుంది, కింది వీధికి చుట్టుకుంటుంది. నున్నటి కాంక్రీటు కాలువలో నీళ్లు, గడ్డీ రాళ్లూ ఉన్న గెడ్డలో కన్నా రెండు మూడు రెట్లు వేగంగా పోతాయి. పై కాలనీలన్నీ గోడలు కట్టుకుంటే అన్ని కాలనీల నీళ్లూ ఒకేసారి ఒకే మదుం దగ్గర దిగుతాయి. ఇంతకుముందు అరగంట తేడాతో వచ్చేవి.

గోడకు ఇంకో గుణముంది. పొంగినప్పుడు నీళ్లను ఎలా బయటికి పోనివ్వదో, వీధిలో పడ్డ వానను గెడ్డలోకీ అలాగే రానివ్వదు. గోడలో వదిలిన పైపు కన్నాలకు మూతలు లేకపోతే గెడ్డ నీళ్లే ఆ కన్నాల్లోంచి వీధిలోకి వస్తాయి. ఇక గట్టు ఎత్తు ఎంత పెంచితే, తెగిన రోజు దెబ్బ అంత పెద్దది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గట్లు తెగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండటం అందరం టీవీల్లో చూశాం.

అలాగని గోడలే వద్దనడం కూడా చాదస్తమే. ఇల్లు అంచునే ఉండి, వెనక్కి జరగడానికి గజం చోటు లేని దగ్గర గోడ తప్పదు. నా అభిప్రాయం ఒకటే: గోడ చివరి మందు కావాలి, మొదటి మందు కాకూడదు. చోటున్న దగ్గర ఒడ్డును వాలుగా కోసి, గెడ్డకు వెడల్పు ఇవ్వడం మేలు. సింగపూర్‌లోని బిషాన్ పార్కులో 2.7 కిలోమీటర్ల తిన్నని కాంక్రీటు కాలువను పగలగొట్టి, వంకలు తిరిగే 3.2 కిలోమీటర్ల ఏరుగా మార్చి 2012లో తెరిచారు. మామూలు రోజుల్లో పిల్లలు దొర్లే గడ్డి వాలు, కుంభవృష్టి రోజున ఏటిలో భాగమైపోతుంది. అక్కడ పక్కనే పెద్ద పార్కుంది కాబట్టి కుదిరింది. మన కంచరపాలెంలో అది కుదరదు. ఊరి అంచున ఇంకా లేఅవుట్లు పడుతున్న పెందుర్తి, ఆనందపురం, మధురవాడ వైపు మాత్రం ఇప్పటికీ కుదురుతుంది. అక్కడ కూడా ముందే గోడలు కట్టేస్తుండటం చూస్తే ఉసూరుమంటుంది.

గెడ్డ మీద స్లాబు వేస్తే వాసనా ఉండదు, పార్కింగూ వస్తుంది...

వద్దు. లోపల ఏం పూడిందో కనపడదు, జేసీబీ చెయ్యి పెట్టలేదు, మనిషి దిగితే విషవాయువులతో ప్రాణం మీదికొస్తుంది. రెండేళ్లలో ఆ స్లాబు మీద బడ్డీ వెలుస్తుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ తెరవలేరు.

ఏటా పూడిక తీస్తున్నారు. ఏటా మళ్లీ అదే కథ. ఎందుకు?

నీళ్లు తగ్గిన మర్నాడు పొద్దున్నే ఏదైనా మదుం దగ్గర నిలబడి చూడండి. మొట్టమొదట కనపడేది థర్మాకోల్ ముక్కలు, వాటర్ ప్యాకెట్లు, కొబ్బరి బొండాల డొక్కలు. వాటికి అడ్డంగా ఒక పాత పరుపో సోఫా స్పాంజో. ఆ పరుపుకు చిక్కుకుని చీర ముక్కలు, పండగ తర్వాత పడేసిన పూలదండలు. వీటన్నిటినీ కలిపి పట్టుకునేది గుర్రపుడెక్క వేళ్లు. ఈ దడి వెనకాల మోకాలి లోతున ఎర్రమట్టి. పైన తేలే చెత్త, కింద పేరుకునే మట్టి రెండూ రెండు వేర్వేరు రోగాలు. మందు మాత్రం ఒక్కటే వేస్తున్నాం.

చెత్త మన వీధుల నుంచే వస్తుంది. మట్టి కొండ నుంచి వస్తుంది. మన కొండలు ఖొండలైటు రాయి, పైన ఎర్రమట్టి. చెట్టూ తుప్పా ఉన్నంతకాలం ఆ మట్టి కదలదు. రోడ్డుకో లేఅవుట్‌కో కొండ అంచు తొలిచి అలా వదిలేస్తే మొదటి వానకే పాయలు పాయలుగా కోసుకుపోతుంది. ఎర్రమట్టిలో నీళ్లు చేసే పని చూడాలంటే భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లండి. చిట్టిగెడ్డ, పెద్దగెడ్డ తొలిచిన లోయలు అక్కడ కళ్లెదుట ఉన్నాయి. దాన్ని 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అక్కడ వేల ఏళ్లు పట్టిన పని, తవ్వి వదిలేసిన కొండ అంచున నాలుగు వానాకాలాల్లో చిన్న ఎత్తున జరిగిపోతుంది. పెద్ద వాన తర్వాత లాసన్స్ బే దగ్గర సముద్రం ఎర్రబారుతోందంటే ఆ మట్టే.

కాబట్టి మట్టిని గెడ్డలోకి దిగకముందే, కొండ పాదంలోనే చిన్న మట్టి గుంటల్లో పట్టుకోవాలి. అక్కడ తవ్వి తీయడం సులువు, ఖర్చూ తక్కువ. ఇక గెడ్డలో పూడిక తీసేటప్పుడు కాంట్రాక్టరును గట్టిగా అడగాల్సినవి ఇవి: తీసిన మట్టిని ఒడ్డునే కుప్పపోసి వదలకుండా రెండు మూడు రోజుల్లో లారీల్లో తరలించాలి, లేకపోతే మొదటి వానకే మళ్లీ లోపలికి వెళ్తుంది. మదుం అడుగు మట్టం కన్నా లోతుగా తవ్వకూడదు, తవ్వితే అక్కడ నీళ్లు నిలిచి దోమలకు తొట్టె అవుతుంది. రెండు ఒడ్లనూ ఒకే ఏడాది బోడి చేయకూడదు. జూన్‌కు ముందు ఒకసారి తీస్తే సరిపోదు. మనకు పెద్ద వానలు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఉంటాయి కనుక ఆగస్టు ఆఖర్లో మదుముల దగ్గరైనా మరోసారి తీయాలి.

మా మదుం చిన్నదంటున్నారు. కొంచెం పెద్ద పైపు వేస్తే తేడా ఉంటుందా?

చాలా ఉంటుంది. గుండ్రటి పైపు వ్యాసం రెండింతలు చేస్తే, అదే వాలులో దానిలోంచి పోయే నీళ్లు ఆరింతలకు పైనే. తిరగేసి చూస్తే, సగం వరకు పూడిన పైపు సగం నీళ్లు కూడా పంపదు. మరి పైపు మార్చేముందు కింద ఉన్న తర్వాతి మదుం సైజు కొలిచి చూడమనండి. పై మదుం పెద్దదై కిందిది చిన్నదైతే వరద చిరునామా మారుతుందంతే. పని ఎప్పుడూ కింది నుంచి పైకి, సముద్రం వైపు నుంచి కొండ వైపుకు జరగాలి. టెండర్లు మాత్రం ఎవరు గట్టిగా అరిస్తే అక్కడ పడతాయి.

గెడ్డలో తుంగా జమ్ము పెరిగితే నీళ్లు ఆగి ఇంకా మునగమా?

నడి గెడ్డలో పెరిగితే మునుగుతాం. ఒడ్డున పెరిగితే మేలే. ఈ తేడా తెలియకే "మొక్కలన్నీ పీకేయండి" అనేవాళ్లకూ, "ఒక్క మొక్క కూడా ముట్టకండి" అనేవాళ్లకూ మధ్య గొడవ.

నడుమ నీళ్లు పారే దారి ఎప్పుడూ తెరిపిగా ఉండాలి. గుర్రపుడెక్కను కనపడిన చోటల్లా తీసేయాలి. జమ్ము మంచిదే కానీ ఆశపోతు మొక్క, ఏటా కొంత కోయకపోతే కాలువంతా ఆక్రమిస్తుంది. ఒడ్డు వాలు మీద మాత్రం వేళ్లుండాలి. నీళ్లు పొంగి ఒడ్డెక్కినప్పుడు గడ్డి వాటి వేగాన్ని తగ్గిస్తుంది, మట్టిని పట్టుకుంటుంది. వరద తగ్గాక గడ్డి దుబ్బు విడదీసి చూస్తే వేళ్ల మధ్య వేలెడు మందాన మెత్తటి ఎర్ర ఒండ్రు ఉంటుంది. అదంతా కింది మదుంలోకి వెళ్లాల్సిన మట్టి.

జీవాల సంగతికొస్తే, లకుముకి పిట్ట నిట్టనిలువు మట్టి ఒడ్డులో బొరియ తవ్వి గూడు పెడుతుంది. రెండు వైపులా కాంక్రీటు గోడ లేచిన రోజు నుంచి దానికి ఇల్లు లేదు. చేపలు ఎన్ని ఉన్నా లాభం లేదు. నీటికోడికి జమ్ము దుబ్బు కావాలి, కొంగకు నిలబడి చూసుకునే పల్చటి నీళ్లు కావాలి, కప్పకు వాన తర్వాత నాలుగు వారాలు నిలిచే పక్క గుంట కావాలి. వీటిలో ఏదీ వరద పనికి అడ్డం కాదు. అన్నీ గెడ్డకు కాస్త వెడల్పూ, ఒక మట్టి ఒడ్డూ ఉంటే వాటంతటవే వచ్చేవి. అయితే ఒక మాట దాచకూడదు. 20 సెంటీమీటర్ల వానను ఏ గడ్డీ ఆపలేదు. అలాంటి రోజున మొక్కలు చేసే సాయం ఒడ్డు కోసుకుపోకుండా కాపాడటం వరకే.

ఏ మొక్కలు వేయాలి?

నీళ్లు తగిలే అంచున తుంగ. వాలు మీద వట్టివేరు, రెల్లు, గరిక, వావిలి. వట్టివేరు వేళ్లు రెండు మూడు మీటర్ల లోతుకు నిలువుగా దిగుతాయి కాబట్టి కోతపడే ఒడ్డుకు అంతకు మించింది లేదు. గట్టు పైన కానుగ, నేరేడు, తెల్లమద్ది. సముద్రపు గాలి కొట్టే చోట మొగలి, పొన్న, తాటి. హుద్‌హుద్‌కు వేళ్లతో సహా లేచిపోయిన మహావృక్షాల మధ్య తాటిచెట్లు నిలబడి ఉండటం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కోనోకార్పస్, సుబాబుల్, సర్కారు తుమ్మ వద్దే వద్దు.

మొక్కలు పెంచితే పాములూ దోమలూ రావా?

డెంగీ దోమ గెడ్డలో పుట్టదు. మీ డాబా మీది కూలర్‌లో, కుండీ కింద పళ్లెంలో, మూతలేని సంపులో పుడుతుంది. మురుగులో పుట్టేది క్యూలెక్స్, అదీ కదలని నీళ్లలోనే. పారే నీళ్లలో, తూనీగ లార్వాలూ చిన్న చేపలూ ఉన్న చోట దోమ పిల్లలు బతకడం కష్టం. దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు వదలడం మన దగ్గర మామూలే. మూసుకున్న తొట్లకూ, పాడుబడ్డ నూతులకూ అవి పర్వాలేదు. గెడ్డల్లో మాత్రం మన సొంత చిన్న చేపల గుడ్లనీ, కప్ప పిల్లల్నీ తినేస్తాయి.

పాములు నిజమే, ఉంటాయి. అవి ఎలుకల కోసం వస్తాయి, ఎలుకలు చెత్త కోసం వస్తాయి. ఇంటి వైపు రెండు మీటర్ల మేర గడ్డి పొట్టిగా ఉంచుకోండి. కాటు పడితే నాటువైద్యాలు పెట్టుకోకుండా 108కి ఫోన్ చేసి కె.జి.హెచ్.కు (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) వెళ్లండి.

మా గెడ్డలో పారేదంతా మురుగే. అందులో ఇంకేం బతుకుతుందని పునరుద్ధరణ?

మట్టగిడసలు ఇప్పటికీ బతుకుతున్నాయి. అవి నీటి పైకొచ్చి గాలి పీల్చుకోగలవు కాబట్టి. మిగతావాటికి ఆ వెసులుబాటు లేదు. మురుగు ఆపకుండా ఒడ్డున పూల మొక్కలు పెట్టి, రంగు దీపాలు వేసి, సెల్ఫీ పాయింటు కట్టడాన్ని పునరుద్ధరణ అనడం నాకు మింగుడుపడదు. ముందు ఇళ్ల మరుగుదొడ్ల పైపులు భూగర్భ డ్రైనేజీకి కలపాలి. కలిపే లైను మీ వీధికి ఉండి కూడా డబ్బులు మిగుల్చుకోవడానికి గెడ్డలోకే వదిలే అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ఇది మనమే మాట్లాడుకుని సరిచేసుకోవాల్సిన విషయం.

మడ అడవులంటే కోరంగిలో కదా ఉంటాయి. విశాఖకేం సంబంధం?

ఒకప్పుడు హార్బరు చిత్తడంతా మడే. మిగిలిన ముక్కలు మేఘాద్రిగెడ్డ కింది భాగంలో, విమానాశ్రయం పరిసరాల్లో ఉన్నాయి. ఎక్కువగా తెల్లమడ, నల్లమడ. బురదలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చే వేళ్లు చూస్తే గుర్తుపట్టొచ్చు. ఆ వేళ్లు పోటుకు వచ్చే నీళ్లలోని ఒండ్రును పట్టి ఉంచుతాయి, ఉప్పెన తాకిడిని తగ్గిస్తాయి, రొయ్య పిల్లలకూ చేప పిల్లలకూ చాటునిస్తాయి.

మడను పెంచడమంటే మొక్కలు తెచ్చి గుచ్చడం అనుకుంటారు. ఫోటోలకు అది బాగుంటుంది, మరుసటి ఏడాదికి సగం కూడా మిగలవు. మడకు కావాల్సింది పోటు నీళ్లు వచ్చి, పాటుకు దిగిపోవడం. రోడ్డో గట్టో అడ్డుపడి ఆ రాకపోకలు ఆగితే ఉప్పు పేరుకుని చెట్లు ఎండిపోతాయి. గోదావరి మడల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి నీళ్లు తిరిగి పారేలా చేశాకే ఎండిన నేల పచ్చబడింది. ఇక్కడ కూడా ముందు అడ్డాలు తీయాలి, గట్టు కింద తూములు పెట్టాలి. విత్తనాలు నీళ్లే తెస్తాయి. తీర ప్రాంత నియంత్రణ నిబంధనల్లో మడ అత్యంత కట్టుదిట్టమైన మొదటి తరగతి కిందికి వస్తుంది. వెయ్యి చదరపు మీటర్లు దాటిన మడకు చుట్టూ 50 మీటర్ల రక్షణ వలయం కూడా ఉండాలి. బిల్డింగు డెబ్రిస్ లారీ రాత్రిపూట అక్కడ ఒరుగుతుంటే ఆ చట్టం మాట ఎత్తడానికి వెనకాడకండి.

ఇంకుడు గుంత తవ్వితే వరద తగ్గుతుందా?

లెక్క వేద్దాం. 200 గజాల డాబా మీద నూరు మిల్లీమీటర్ల వాన పడితే 16,700 లీటర్లు. ఒకటిన్నర మీటరు పొడవు, ఒకటిన్నర వెడల్పు, రెండు మీటర్ల లోతు గుంతలో కంకర నింపితే ఖాళీల్లో పట్టేది రెండు వేల లీటర్ల లోపే. మిగతాది ఇంకే కొద్దీ పోవాలి. అంటే ఒక్క గుంత వరదను ఆపదు, బోరుకు మాత్రం మంచిది. డాబా నీళ్లను ముందు సంపులోకి పట్టి, పొంగినది గుంతలోకి వదిలితే రెండూ కలిసొస్తాయి. కాలనీలో నూటికి ఎనభై ఇళ్లు ఇలా చేస్తే మామూలు వానలకు వీధిలో తేడా కనపడుతుంది.

కొండవాలు మీద ఇళ్లున్నవాళ్లు మాత్రం ఇంకుడు గుంత తవ్వకండి. నీళ్లు లోపలికి దిగి వాలు బరువెక్కి జారుతుంది. 2024 సెప్టెంబరు వానలకు గోపాలపట్నం వైపు కొండ అంచున ఇళ్ల కింద మట్టి ఎలా జారిందో చూశాం. అలాంటి చోట డాబా నీళ్లను పైపు వేసి వాలు కింది కాలువ దాకా జాగ్రత్తగా దించాలి.

మరి అన్ని నీళ్లు ఎక్కడ పెట్టాలి?

ఆటస్థలాల్లో, పార్కుల్లో. ఒక ఎకరం గ్రౌండును చుట్టుపక్కల రోడ్డు కన్నా ఒక్క అడుగు పల్లంగా ఉంచితే అందులో 12 లక్షల లీటర్లు నిలుస్తాయి. అంటే మూడెకరాల మీద పడిన నూరు మిల్లీమీటర్ల వాన మొత్తం. ఆరు గంటలు నిలిచి, చిన్న పైపు గుండా మెల్లగా దిగిపోతాయి. మర్నాడు సాయంత్రానికి కుర్రాళ్లు మళ్లీ క్రికెట్ ఆడుకోవచ్చు. మనం చేస్తున్నది సరిగ్గా దీనికి వ్యతిరేకం. పార్కులో లారీల కొద్దీ గ్రావెల్ పోసి ఎత్తు చేసి, చుట్టూ గోడ కట్టి, నడక దారికి టైల్స్ వేస్తున్నాం. ఆ నీళ్లు కూడా వీధిలోకే.

సుమారు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం, దాని కింద ముడసర్లోవ జలాశయం చేస్తున్నది పెద్ద ఎత్తున ఇదే పని.

మేఘాద్రిగెడ్డ గేట్లు ఎత్తినప్పుడే మునుగుతున్నాం. ముందే ఖాళీ చేయొచ్చుగా?

అది తాగునీటి రిజర్వాయరు. పూర్తి మట్టం 61 అడుగులు. నిండుగా ఉంచితే వేసవి గడుస్తుంది, ఖాళీగా ఉంచితే వరద గడుస్తుంది. రెండూ ఒకేసారి కుదరవు. 2005 సెప్టెంబరులో ఆ నీళ్లు దిగువన విమానాశ్రయాన్ని ముంచెత్తిన సంగతి ఆ వైపు వాళ్లు మర్చిపోరు. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే, పాటు వేళ చూసుకుని, కొద్దికొద్దిగా ముందు నుంచే వదలడం ఒక్కటే తెలివైన దారి. మనం గట్టిగా అడగాల్సింది గేట్లు ఎత్తే వేళను దిగువ కాలనీలకు ముందుగా ఫోన్ సందేశంతో చెప్పమని.

గెడ్డ పక్కన ప్లాటు చవగ్గా వస్తోంది. కొనొచ్చా?

కాగితాలు నమ్మే ముందు కాళ్లతో నడవండి, అక్టోబరులో ఒకసారి. ఎఫ్.ఎం.బి. స్కెచ్ (సర్వే శాఖ కొలతల పటం) తీసి గెడ్డ పోరంబోకు గీత ఎక్కడుందో సర్వేయరుతో కొలిపించండి. 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఆ సర్వే నంబరు ఉందేమో చూడండి. 2017 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది మీటర్లకు మించి వెడల్పున్న వాగు, నాలా హద్దు నుంచి 9 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 2 మీటర్లు వదలాలి. సవరణలు వస్తుంటాయి కాబట్టి ప్లాను పెట్టే ముందు వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడగండి. ఇటీవల గెడ్డను పక్కకు మళ్లించి వేసిన లేఅవుట్ అయితే ఎంత చవకైనా వద్దు.

గెడ్డ ఒడ్డున ఏళ్ల తరబడి ఉంటున్న పేదల ఇళ్లు తీసేస్తే సరిపోతుంది కదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు చాలామంది గెడ్డ మీదికి ప్రహరీ జరిపిన అపార్ట్‌మెంట్లలోనే ఉంటారు. హార్బరులో కూలికి, మార్కెట్లో మోతకు వెళ్లే మనిషికి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు ఇవ్వకుండా, ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల ఇస్తే ఆరు నెలల్లో తిరిగొస్తాడు. అందుకు అతన్ని తప్పుపట్టలేం. ముందు ఖాళీగా ఉన్న ఆక్రమణలు, కాంపౌండు గోడలు, కమర్షియల్ షెడ్లు తీయాలి. తర్వాత ఇళ్లు, అదీ ప్రత్యామ్నాయం తాళంచెవి చేతికిచ్చాక.

ఈలోగా మా ఇంట్లో ఏం చేసుకోవాలి?

కరెంటు మీటరు, ఇన్వర్టరు నడుము ఎత్తు కన్నా పైకి మార్పించండి. కింది అంతస్తు మరుగుదొడ్డి బయటి పైపుకు నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి. చాలా ఇళ్లలో వరద గుమ్మంలోంచి రాదు, కమోడ్‌లోంచి వస్తుంది. సంపు మూత గట్టిగా బిగిసేలా చూసుకోండి, నీళ్లు తగ్గాక సంపు కడిగి క్లోరిన్ వేశాకే వాడండి. దస్తావేజులు, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి అటక మీద ఉంచండి. వరద నీళ్లలో నడిచాక జ్వరమొస్తే ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) సంగతి డాక్టరుకు గుర్తుచేయండి. తీగ తెగిపడితే దగ్గరికి వెళ్లకుండా 1912కు, ప్రాణాపాయమైతే 112కు ఫోన్ చేయండి.

బండి మునిగితే ఇన్సూరెన్సు వస్తుందా?

థర్డ్ పార్టీ పాలసీకి రాదు, మన బండి నష్టానికి వర్తించే ఓన్ డ్యామేజీ ఉండాలి. మునిగిన ఇంజన్ను స్టార్ట్ చేయొద్దు. చేస్తే సిలిండర్లలోకి నీళ్లు పోయి ఇంజన్ పోతుంది, క్లెయిమూ చిక్కుల్లో పడుతుంది. ఇంటికైతే 2021 ఏప్రిల్ నుంచి ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో వరద నష్టం కలిసే ఉంది. పారే నీళ్లలో బండి దింపే సాహసం మాత్రం వద్దు. అడుగు లోతు వడి చాలు, చిన్న కారు తేలడానికి.

ఎవరిని అడగాలి? అడిగితే "మాది కాదు" అంటున్నారు.

ఒకే గెడ్డ జి.వి.ఎం.సి. (విశాఖ నగరపాలక సంస్థ) వార్డులో మొదలై, రైల్వే లైను కింద దూరి, రక్షణ శాఖ స్థలం పక్కగా వెళ్లి, పోర్టులో తేలొచ్చు. అందుకే మీ అర్జీలో "మా వీధి మునిగింది" అని ఊరుకోకుండా, ఏ మదుం దగ్గర, ఎన్ని గంటలకు, గోడ మీద ఎంత ఎత్తు వరకు అని రాయండి. వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. పని రెండు శాఖల మధ్య నలుగుతుంటే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్‌ఎస్‌కు (ప్రజా ఫిర్యాదుల పరిష్కార కార్యక్రమం) వెళ్లండి. అన్ని శాఖల అధికారులూ ఒకే గదిలో ఉండేది అప్పుడే.

కాలనీలో నలుగురం ఉన్నాం. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

మీ గెడ్డ వెంట కొండ నుంచి కింది వరకు ఒక ఆదివారం నడవండి. ప్రతి మదుం వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి, ఫోటో తీయండి. వరదొచ్చినప్పుడు నీళ్లు చేరిన ఎత్తున కరెంటు స్తంభం మీద పెయింటుతో గీత గీసి తేదీ వేయండి. మొక్కలూ పక్షులూ కూడా రాసుకోండి, ముఖ్యంగా మట్టి ఒడ్డు ఇంకా ఎక్కడ మిగిలి ఉందో. రేపు గోడ టెండరు పడినప్పుడు "ఈ యాభై మీటర్లు వదలండి" అని చేయి చూపించి చెప్పగలిగేది ఆ నోట్‌బుక్ ఉన్నవాళ్లే. ఆగస్టు ఆఖర్లో మదుం దగ్గర పూడిక తీయిస్తామని శానిటరీ ఇన్‌స్పెక్టరు మాటిస్తే తేదీ అడిగి, ఆ రోజు ఇద్దరు అక్కడ నిలబడండి. లారీ మట్టి ఎత్తుకెళ్లేదాకా ఉండండి.